టైరు చెప్పుల అత్త

"గీసారి నాలుగూ ఒక్కతీరువే ఎయ్యి చెల్లె," అన్నడు టైర్ల భాయ్. "రోడ్డు టైర్లు. నున్నగ పోతయ్, సప్పుడుండది, డీజిల్ గుడ మిగుల్తది. ఇప్పుడు నీకు పొలాలల్ల పనేమున్నది?"

పెర్కిట్ల హైవే పక్కన ఆయన దుకాణం. నా పికప్ బండి జాకీల మీదున్నది. అరిగిన టైర్లు నాలుగూ ఊడదీసి గోడకానిచ్చిండు. కొత్తయి రెండు రకాలు దొర్లిచ్చుకొచ్చి నా ముందట నిలవెట్టిండు. ఒకటి సన్న గీతల టైరు, రోడ్డుకు. ఒకటి పెద్ద పెద్ద గుబ్బల టైరు, బురదకు. నేను బొటనవేలుతోని రబ్బరును నొక్కుతున్న, వంగి వాసన చూస్తున్న. భాయ్ జరసేపు చూసి నవ్విండు.

"అచ్చం మీ అత్త తీరుగనే చేస్తున్నవ్ గద!"

అప్పుడు చూసుకున్న నా వేలు దిక్కు. ఓయమ్మ, నిజమే. టైరును గట్ల నొక్కేది మా అత్తనే. నవ్వబోయిన, కండ్లల్ల నీళ్లొచ్చినయ్. దాసుకునుడెందుకు, దుకాణంల నిలవడి మంచిగ ఏడ్సిన. భాయ్ పాపం గాలి మిషన్ బంద్ చేసి చాయ్ తెప్పిచ్చిండు.

మా అత్త పోయిన చలికాలంల పోయింది. అత్త లేని కోడలుత్తమురాలు అంటది లోకం. ఉత్తమురాలినై కొన్ని నెలలే అయితున్నది, అప్పుడే ఇసుగొచ్చింది నాకు. తిట్టేటోళ్లు లేరు, తిరిగి గొణుగుదామంటే కారణం లేదు.

పొద్దుగాల్ల వేల్పూర్ దిక్కు నుంచి ఒక పటేల్ ఫోన్ చేసిండు. పసుపు ఉడకవెట్టి కళ్లంల ఎండవోసిండట. మొన్న ఒక వాన వడి బాట మెత్తగైంది. ఇంకో వాన గుట్టల మీద నిలవడ్డది. అది పడేలోపల పసుపు తియ్యకపోతే ఏడాది కష్టం రంగు మారిపోతది. "వస్తవా బిడ్డా? అత్త లేకపాయె గద, అందుకని అడుగుతున్న," అన్నడు. "టైర్లు మార్పిచ్చుకొని చెప్త పటేలా," అని ఫోన్ పెట్టేసిన.

సంగతేందంటే, అత్త ముందట నడిస్తేనే నేను బండిని పొలంల దించిన. ఆమె లేకుంట ఒక్కసారి గుడ దించలే. రోడ్డు టైర్లేపిచ్చుకుంటే ఇగ పొలం లొల్లే ఉండది. ఊరు నుంచి మార్కెట్ యార్డుకు, యార్డు నుంచి ఊరికి, హాయిగ. గుబ్బల టైర్లేపిచ్చుకుంటే పటేలుకు వస్తున్న అని చెప్పాలె. భాయ్ ఏ టైరు అని అడుగుతున్నడు, నాకేమో ఇగ పొలాలకు పోదునా మానుదునా అని ఇనవడుతున్నది.

*

మా అత్త పొట్టి మనిషి, బక్క మనిషి, గొంతు మాత్రం మైకు. కుచ్చిళ్లు పైకి చెక్కుకొని, కాళ్లకు టైరు చెప్పులేసుకొని తిరిగేది. పాత టైరును కోసి, మీద పట్టీలు కొట్టి చేస్తరు సూడు, గవి. ఎడమ కాలుది ఒక టైరు ముక్క, కుడికాలుది ఇంకో టైరు ముక్క. ఎడమదానికి లోతు గుబ్బలు, కుడిదానికి సన్న గీతలు. చెప్పులు కుట్టే తాత కాడ ఆ దినం ఉన్న ముక్కలు గవేనట. అందుకని ఆమె వస్తుంటే వాకిట్ల టప్పు-సర్రు, టప్పు-సర్రు అని సప్పుడొచ్చేది. ఆ సప్పుడు ఇనంగనే నేను ఫోన్ పక్కకు పెట్టి చీపురు పట్టుకునేదాన్ని.

మా ఆయన నిజామాబాద్ పోయి మంచి మెత్తటి చెప్పులు కొనుక్కొచ్చిండు తల్లికి. డబ్బాలనే ఉన్నయ్ అవి, బీరువ మీద. "పెండ్లికి పోయేటప్పుడు ఏసుకుంట," అనేది. పెండ్లికి గుడ టైరు చెప్పులతోనే వచ్చేది. అడిగితే, "గవి ఏసుకుంటే నేల తెలుస్తలేదు," అనేది.

మనిషి ఆర్మూర్ల ఒక పసుపు అడ్తి దుకాణంల పసుపు ఏరే పని చేసింది, పెండ్లైన కాడ్నుంచి నడుం వంగేదాకా. కొమ్మును చేతులకు తీస్కొని నొక్కుడు, విరిచి సప్పుడు ఇనుడు, వాసన చూసుడు, "ఇది ఏ ఏటి పంట?" అని అడుగుడు. ఆ అలవాటు పసుపుతోని ఆగితే మంచిగుండు. సబ్బు కొన్నా గంతే, పెసర్లు కొన్నా గంతే. మా ఆడిబిడ్డను చూడొచ్చిన పిల్లగాని చెయ్యి పట్టుకొని గట్లనే నొక్కి చూసిందట. "మెత్తగున్నడు, నిల్వుంటడో ఉండడో," అని వాళ్ల అమ్మ ముందటనే అన్నదట. పెండ్లైతే అయింది. ఆయన ఇప్పటికీ మా ఇంటికొస్తే చేతులు జేబుల పెట్టుకొనే కూసుంటడు.

ఇగ పొగుడుడు అనేది ఆమె నోట్ల లేదు. కూర ఎట్లున్నదత్తా అంటే "చూద్దాం తీ" అనేది, గిన్నె ఊడ్సినంక గుడ. వాన పడ్తదా అంటే చూద్దాం తీ. నాకు లైసెన్స్ వచ్చిన దినం కార్డు చేతుల పెడితే, ఇటు తిప్పి అటు తిప్పి, నొక్కి చూసి, "చూద్దాం తీ," అన్నది.

బండి నా చేతికి వచ్చుడు గుడ ఆమె పనే. పాత బండిని మా ఆయన నడుపుతడనే కొన్నం. తీరా కొన్నంక, ఎదురుంగ లైటు పడితే ఆయనకు కండ్లు కనవడుతలేవు. డాక్టరేమో బండి ముట్టొద్దన్నడు. బండి వాకిట్ల నిలవడ్డది, కోళ్లు దాని కింద గుడ్లు పెట్టవట్టినయ్. ఒక దినం అత్త దాని చుట్టు తిరిగి తిరిగి నా దిక్కు చూసింది.

"నువ్వు స్కూటీ నడుపుతవ్ గదనే?"

"స్కూటీ ఏడ, పికప్ ఏడ అత్తా!"

"దానికి రెండే. దీనికి నాలుగున్నయ్. పడిపోయే భయం తక్కువ."

ఇగ తెల్లారే స్టీరింగు పట్టిన. నేర్సుకున్న. ఆమె పక్క సీట్ల ఒక కాలు మడుసుకొని కూసునేది. చెప్పులు ఇడిసి ఒడిల పెట్టుకునేది, బండి మట్టి అవుతదని. అడిగినోళ్లకల్ల చెప్పేది: "నాకిద్దరు కోడండ్లు. ఒకటి డీజిల్ తాగుతది, ఒకటి చాయ్ తాగుతది. రెంటికీ పొద్దుగాల్ల లేవాలంటే బద్దకం."

నవ్వుతరు గని సరుకు ఎవ్వలు ఇస్తరు? మొదట పోయి అడిగింది ఇగో ఈ వేల్పూర్ దిక్కు పటేల్‌నే. ఆయన నన్ను చూసిండు, బండిని చూసిండు. "నల్లరేగడిల నీ కోడలు బండి దిగవడితే ఎవ్వలు గుంజాలె వదినె? అడుసు తొక్కుడెందుకు, కాలు కడుగుడెందుకు?" అన్నడు.

"అడుసు తొక్కకుంటనే పండిచ్చినవా పటేలా పసుపు?" అన్నది మా అత్త. ఆయన నవ్విండు గని సరుకియ్యలే.

ఆయనను అనేది గుడ లేదు. రైతు పసుపేసుకొని బండి ఒక్కసారి బురదల కూసున్నదంటే ఆ ముచ్చట సాయంత్రానికి అన్ని ఊర్లల్ల తిరుగుతది. మొగోడైతే బాట తప్పు అంటరు. నేనైతే ఆడిదాని తప్పంటరు. ఒక్కసారి దిగవడితే నాకు మల్ల ఎవ్వలు ఫోన్ చెయ్యరు, బండి మల్ల కోళ్ల పాలే. అది అత్తకు గుడ ఎరుకే. అందుకే "ముందుగాల టైర్లు," అన్నది.

*

అట్ల మొదటిసారి ఈ భాయ్ దుకాణానికి వచ్చినం. భాయ్ టైరు తేంగనే అత్త దాని పక్కన గొంతు కూసున్నది.

"ఇది ఏ ఏటి పంట?"

"పంటేంది పెద్దమ్మా?"

"కొత్త పంటా, నిల్వ సరుకా అంటున్న. పసుపు నిల్వుంటే పురుగు పడ్తది. రబ్బరు నిల్వుంటే ఏమైతది?"

భాయ్ నా మొఖం చూసిండు. "పగుల్తది," అని ఒప్పుకొని, టైరు పక్కన అచ్చేసిన అంకెలు చూపెట్టిండు. ఏ ఏట ఏ వారం చేసిండ్రో దాంట్ల ఉంటదట. అత్తకు సదువు రాదు, నాతోని సదివిచ్చింది. రెండుసార్లు. ఇగ నొక్కింది, వాసన చూసింది. కొత్త టైరు మీద రబ్బరు వెంట్రుకలుంటయ్ గద, అండ్లొకటి పీకి పంటికింద పెట్టింది.

"అరె అరె పెద్దమ్మా! తినేది గాదది!"

"తింటున్ననా? చూస్తున్న." ఉమ్మేసి అడిగింది, "లోపల తీగున్నదా, దారమున్నదా?"

భాయ్ ఓపికున్న మనిషి. దగ్గర కూసొని చెప్పిండు. కొన్ని టైర్ల లోపల ఇనుప తీగ అల్లి ఉంటది, అవి హైవే మీద సల్లగ, శాన దినాలు నడుస్తయ్. కొన్నిట్ల నైలాన్ దారముంటది, అవి బరువును ఓర్సుకుంటయ్, రాళ్లను ఓర్సుకుంటయ్ గని జోరుగ పోతే కాగుతయ్. అంత ఇన్నది అత్త.

"గదంత నాకెందుకు భాయ్. దారముంటేనే అరిగినంక చెప్పులకు కోయొస్తది. తీగుంటే కాలుకు గుచ్చుకుంటది."

"యా అల్లా! పెద్దమ్మా, బండికి కొంటున్నవా, చెప్పులకు కొంటున్నవా?"

"ముందుగాల బండికి. తర్వాత చెప్పులకు. ఒక్కటే పనికొచ్చే సామాను ఎవడన్న కొంటడా?"

భాయ్ మంచి సలహానే ఇచ్చిండు. ముందటికి గీతల టైర్లు, తీగయి. వెనకకు గుబ్బల టైర్లు, దారమయి. ముందటియి రోడ్డును పట్టుకుంటయ్, వెనకయి బురదల బరువును నూకుతయ్, నువ్వు రెండు దిక్కులా తిరిగే మనిషివి గద అన్నడు. అత్త నెత్తి అడ్డంగ ఊపింది.

"ఒక్క బండికి రెండు రకాలా? కొమ్ముల గోళ కలిస్తే సరుకు ధర పోతది." గోళ అంటే పసుపు దుంప, కొమ్ముకు ఎప్పుడూ దూరముండాలె. ఆ రెంటిని ఏరి ఏర్పాటు చేసుడే ఆమె జన్మంత చేసిన పని. "నాలుగూ ఒక్కతీరువే ఉండాలె. గుబ్బలయే ఎయ్యి."

నాకు నోరూకుంటదా? "మరి నీ కాళ్లకు రెండు రకాలున్నయ్ గదత్తా," అన్న.

"నేనేమన్న బండినా?" అన్నది.

నాలుగూ గుబ్బలయే ఏసిండు భాయ్. పొలంల బంగారం తీరుగ నడిసినయ్, అబద్ధమెందుకు. హైవే ఎక్కితే మాత్రం చెవుల జోరీగలే. గుయ్యిమని ఒకటే మోత, స్టీరింగు పట్టుకుంటే చేతులు జివ్వుమనుడు. "మంచిగ పాట పాడుతున్నది," అనేది అత్త, ఒప్పుకోక. ఇగ ఒక దినం వడ్ల బస్తాలేసుకొని డిచ్‌పల్లి పోతున్నం. సన్న వాన పడ్డది. ముందట లారీ ఆగింది, నేను బ్రేక్ తొక్కిన. బండి ఆగలే. జారింది. లారీ వెనక చెయ్యి పట్టే సందు ఉండంగ ఆగింది. అత్త ఒడిలున్న చెప్పులను గట్టిగ పట్టుకున్నది, ఇంటికొచ్చేదాకా ఇడువలే.

మాపటీలి వాకిట్ల చూస్తే, వానకు తడిసిన గచ్చు మీద అటు ఇటు నడుస్తున్నది. గచ్చు మీద కొన్ని అడుగులు, దిగి బురదల కొన్ని అడుగులు, మల్ల గచ్చు మీద. మా ఆయన తల్లికి ఏమన్న గాలి సోకిందేమోనని నన్ను పిలిసిండు. అత్త మా దిక్కు చూడకుంటనే, "గచ్చు మీద ఎడమకాలు జారుతున్నది, బురదల కుడికాలు జారుతున్నది," అన్నది. మల్ల గచ్చెక్కి, "రేపు పోయి ముందట గీతలియి ఏపిచ్చుకొస్తం. వెనక గుబ్బలు ఉండనియ్యి."

"గదే గదత్తా భాయ్ మొదలే చెప్పింది!"

"ఆయన నోటితోని చెప్పిండు. నాకు కాలు చెప్పాలె."

తెల్లారి దుకాణంల దిగంగనే భాయ్ మీద పడ్డది. "గింత తెలిసినోనివి, జర గట్టిగ చెప్పొద్దా భాయ్?" భాయ్ రెండు చేతులు జోడిచ్చి, "గల్తీ నాదే పెద్దమ్మా," అన్నడు. ఇప్పటికీ ఎవ్వలన్న రెండు దిక్కుల తిరిగే బండి తెస్తే, "పెద్దమ్మ తీరు ఏద్దమా?" అని అడుగుతడు. ఆయన సలహా ఆమె పేరు మీద అమ్ముడు వోతున్నది, చూడుండ్రి.

*

పొలం కాడికి పోంగనే "ఆగు" అనేది అత్త. దిగేది, చెప్పులేసుకునేది, వంగి పిడికెడు మట్టి తీసి ముద్ద చేసేది. నడుం ఎత్తుల నుంచి ఇడిసేది. ముద్ద పగిలితే, "రా" అని చెయ్యి ఊపేది. లడ్డు తీరుగ అట్లనే ఉంటే ఇంకో దారి చూసేది. ఇగ ముందట తను, వెనక నేను. ఆమె కాలు జారిన కాడికి నేను పోవద్దు, ఆమె కాలు ఆనిన కాడనే నా చక్రం పోవాలె. "అవ్వకేమన్న మొక్కున్నదా, బండి ముందట నడుస్తున్నది," అని నవ్వేటోళ్లు కూలోళ్లు. మొక్కు గాదు, నాకోసమే నడుస్తున్నదని నాకెరుక. ఆమెకు చెప్తే తిడుతదని చెప్పలే.

ఇగ ఆ వేల్పూర్ దిక్కు పటేలే మమ్మల్ని పిలిసే దినం వచ్చింది. కళ్లంల పసుపున్నది, మబ్బు పట్టింది, ట్రాక్టర్లన్నీ ఎవ్వల పనిల వాళ్లున్నయ్. గతి లేకనే పిలిసిండు, అది ఆయనే ఒప్పుకుంటడు. పోయినం. అత్త నడిసింది, నేను దించిన. బస్తాలెక్కిచ్చి పరదలు కప్పేసరికి చినుకులు షురూ. తిరిగొచ్చేటప్పుడు పంట కాల్వ దాటే పల్లంల వెనక చక్రాలు తిరుగుతున్నయ్ గని బండి కదుల్తలేదు. ముందు గొయ్యి, వెనక నుయ్యి. పటేల్ గట్టు మీద నెత్తి పట్టుకొని కూలవడ్డడు. నాకు ఏం కనవడుతలేదు, ఇగ అయిపాయె, కోళ్లే గుర్తొస్తున్నయ్.

"రేస్ చెయ్యకే! ఎంత తిప్పితే అంత దిగుతది. కాలు తియ్యి!"

తీసిన. అత్త వెనకకు పోయి, మోకాళ్ల మీద కూసొని, చక్రాల ముందట మట్టిని చేతులతోని తోడింది. ఇగ కాళ్లకున్న చెప్పులు ఇడిసి, ఒకటి ఈ చక్రం కింద, ఒకటి ఆ చక్రం కింద నూకింది. రబ్బరు అడుగు కిందికి, పట్టీలు మీదికి.

"ఇప్పుడు రా. మెల్లగ. పాలకుండ ఎత్తుకొని నడిసినట్టు రా."

వచ్చిన. ఎట్లొచ్చిన్నో నాకు తెల్వది. బండి ఒక్క ఊపు ఊగి గట్టెక్కింది. దిగి చూస్తే చెప్పులు లేవు. ఒకటి రెండు ముక్కలై దొరికింది, ఇంకొకటి ఏడ కూరుకపోయిందో, పటేల్ పార తీస్కొని తవ్వినా దొరకలే. ఆయన కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. "వదినె, కొత్త చెప్పులు కొనిస్త నీకు. ఏది కావాల్నంటే గది."

"నువ్వెందుకు కొనిస్తవ్ పటేలా? నా చెప్పులు తిన్నది టైరు. గదే ఇస్తది. అరగనియ్యి."

ఉత్త కాళ్లతోనే యార్డుల దిగింది అత్త. పటేల్ పసుపు తడవకుంట చేరింది. ఆ దినం నుంచి ఆయన ఫోన్ మొదట నాకే వస్తది, ఆయనను చూసి మిగిలినోళ్లు చేస్తరు. ఇంటికొచ్చినంక, "ఏమత్తా, మంచిగ తోలిన్నా?" అని అడిగిన. ఇంత జరిగినంకన్న ఒక మాటంటదేమోనని.

"చూద్దాం తీ," అన్నది కాళ్లు కడుక్కుంట.

*

అప్పటి నుంచి వెనక టైరు అరిగేదాకా ఎదురుచూసుడే ఆమె పని. నీలం రంగు ప్లాస్టిక్ చెప్పులేసుకొని, "ఇవి చెప్పులా, అరటితొక్కలా," అని తిట్టుకుంట తిరిగింది. పొద్దుగాల్ల బండి తియ్యకముందు పసుపు కొమ్మొకటి తెచ్చి టైరు గుబ్బల సందుల పెట్టి లోతు చూసేది. "ఇంకా దిగలే," అని మొఖం చిన్నగ చేసుకునేది. మెల్లగ పోవే, మెల్లగ పోవే అని నన్ను సతాయిచ్చిన మనిషి, "జర జోరుగ తోలరాదే, గీ టైరు నాకన్న గట్టిదున్నది," అనవట్టింది.

ఆ వానకాలంలనే నా చెప్పు ఒకటి మాయమైంది. గులాబి రంగుది, మీద పువ్వుండేది, ముచ్చటపడి కొనుక్కున్న. వాకిట్ల ఒక్కటే మిగిలింది. మా వాడకట్టు కుక్క మీద అనుమానం. అత్త నాకన్న ఎక్కువ లేసింది. కట్టె పట్టుకొని కుక్కను పెద్ద రోడ్డు దాక ఉరికిచ్చింది. "దొంగముండ కుక్క! నా కోడలు చెప్పే కావాల్సొచ్చిందా నీకు!" నా కోడలు అని అంత ముద్దుగ అన్నది ఎన్నడు ఇనలే, చెప్పు పోయిన బాధ గుడ మర్సిపోయిన.

చలికాలంల జరమొచ్చింది. దవాఖానల మంచం మీద పండుకొని గుడ అడిగింది, "కొమ్ము పెట్టి చూసినవా?"

"చూసినత్తా. ఇంకా ఉన్నది."

"ఉండనియ్యి. మంచి టైరే," అన్నది. ఆమె నోట్ల నుంచి మంచి అనే మాట నేనిన్నది గదొక్కటే, అది గుడ టైరును. తెల్లారి ఇంటికి తోల్కపోతమనుకున్నం. తెల్లారకముందే పోయింది.

*

చాయ్ తాగినంక భాయ్ మెల్లగ అన్నడు, "నీ మంచికే చెప్తున్న చెల్లె. ఇప్పుడు నీ ముందట నడిసేటోళ్లు ఎవరున్నరు? ఫికర్ లేకుంట రోడ్డు టైర్లేపిచ్చుకో."

ఆయన తప్పేమున్నది? నాకు గుడ నోటిదాక వచ్చింది సరే అని. "జర ఆగు భాయ్," అని, గోడకానిచ్చిన పాత టైర్లల్ల వెనకదొకటి దొర్లిచ్చుకుంట రోడ్డు దాటిన. అవతల చెప్పులు కుట్టే తాత గొడుగు కింద కూసుంటడు. అత్త చెప్పులు కోసింది గుడ ఈ తాతనే. నేను బండిల అత్త నీలం చెప్పు తెచ్చి పెట్టుకున్న, కొలతకు. ఆమెకు రావాల్సిన చెప్పులు కోపిచ్చి ఫోటో కింద పెడుదమని నా మనసు.

తాత టైరును చూసిండు, నన్ను చూసిండు. వేలుతోని గుబ్బల మీద గీకిండు. "ఇప్పుడు అరిగింది సరిగ్గ. గింత పల్సనైతేనే చెప్పుకొస్తది," అన్నడు. నేను నీలం చెప్పు ఇచ్చిన. ఆయన దాన్ని పక్కకు పెట్టిండు.

"మీ అత్తదెందుకు? కొలత నా కాడున్నది."

రేకు డబ్బ మూత తీసి, తోళ్ల కిందికెల్లి ఒక చెప్పు తీసి నా ముందట పెట్టిండు. గులాబి రంగుది. మీద పువ్వు.

చేతులకు తీస్కొని తిప్పి చూసిన. నాదే.

"పోయిన వానలప్పుడు తెచ్చిచ్చింది," అన్నడు తాత. "నా కోడలుకు కూసొని తోలుడొచ్చింది గని దిగి నడుసుడు రాలే అన్నది. గీ పువ్వుల చెప్పులేసుకొని బురదల ఏం దిగుతది అన్నది. వెనక టైరు అరిగినంక కోడలే తెస్తది, దానికే కొయ్యి. ఎడమదానికి గుబ్బలు, కుడిదానికి నీ కాడున్న గీతల ముక్క. రెండు రకాలుండాలె, మర్సిపోకు అన్నది."

"తనకు గాదా? తనకనే కదా ఇన్ని దినాలు..."

"నేను గుడ అడిగిన. నాకింకెన్ని దినాలు నడుసుడున్నదిరా అన్నది."

దొంగ ముసల్ది! పొద్దున లేస్తే కొమ్ము పట్టుకొని నాకోసం కొలిసిందా ఇన్ని దినాలు? పాపం ఆ కుక్కను కట్టె తీస్కొని పెద్ద రోడ్డు దాక ఉరికిచ్చింది గద! నాకు నవ్వాగలే, ఏడుపాగలే. తాత తల వంచుకొని టైరు కోస్తనే ఉన్నడు. ఆయన కత్తి నీళ్లల్ల ముంచుకుంట కోసేదాకా, పట్టీలు కొట్టేదాకా, అక్కడనే కింద కూసున్న. పోయేటోళ్లు వచ్చేటోళ్లు చూసిండ్రు. చూడనియ్యి.

ఏసుకొని నిలవడ్డ. మొదట బరువనిపిచ్చినయ్. నాలుగడుగులేసిన. కంకర ఏడున్నది, మన్ను ఏడున్నది, కాలుకు తెలుస్తున్నది. నిజంగనే తెలుస్తున్నది అత్తా.

రోడ్డు దాటి దుకాణం దిక్కు వస్తున్న. టప్పు-సర్రు, టప్పు-సర్రు. భాయ్ అటు తిరిగి కూసొని బండి కింద ఏదో బిగిస్తున్నడు. సప్పుడు ఇని చేతులున్న పానా ఇడిసేసిండు. దిగ్గున లేసి తిరిగిండు. నన్ను చూసిండు, నా కాళ్లను చూసిండు. పోయి గుబ్బల టైర్లు రెండు తెచ్చి నా ముందట పెట్టిండు.

"ఏ ఏటి పంట భాయ్?" అన్న.

"కొత్త పంటనే పెద్దమ్... చెల్లె," అన్నడు, అంకెలు నా దిక్కు తిప్పి.

"వెనకకు దారమియి. ముందటికి తీగయి. కానియ్యి, వాన ఆగదు."

గుట్టల మీద మబ్బు ఇంకింత నల్లగైంది. ఆయన నట్లు బిగిస్తుంటే నేను పటేలుకు ఫోన్ చేసిన. ఇంటికి పోయినంక ఆ కుక్కకు పాలన్నం పెట్టాలె అని గుడ మనసుల అనుకున్న.

"వస్తున్న పటేలా. పరదలు తయారుంచు."

"బాట మెత్తగున్నది బిడ్డా," అన్నడు ఆయన. "ముందట ఎవ్వలు నడుస్తరు?"

"నేనే. దిగి చూసుకొని, వెనకకొచ్చి తోల్త."

"దిగవడదు గద?" అన్నడు.

"చూద్దాం తీ," అన్న.